అయిదో భాగంలో ఏమైందంటే

బైండింగత్త కొట్టుకీ టీకొట్టుకీ మధ్య ఒకటే గోడ, ఆ గోడలో ఒక కిటికీ. సాయంత్రమైతే అటు బెంచీ మీద నలుగురూ చేరతారు, ఇటు అత్త కాగితాలు మడుస్తూ కూర్చుంటుంది. మాటలకి గోడ అడ్డం లేదు.

కొన్నాళ్లుగా అక్కడ ఒకటే గోల, ఒక పాత నవల గురించి. ఇప్పుడు ఊరూరా పేరు మోగుతున్న రచయిత, మీసాలు సరిగా రాని వయసులో రాసిన మొదటి సాహసాల నవల అది. ఎక్కడ వెతికినా దొరకదు. అత్త దగ్గర మాత్రం ఒక ప్రతి ఉంది, అదీ కుట్టని ప్రతి. ఆమె పెనిమిటి ప్రెస్సులో పనిచేసే రోజుల్లో ఏ భాగం అచ్చయితే ఆ భాగం ఇంటికి తెచ్చి, దీపాలవేళ ఆమెకి పైకి చదివి వినిపించేవాడు. విడి భాగాలు గనక బెంచీ మీదివాళ్లు వంతులవారీగా తిప్పుకుని చదివారు. నాలుగయ్యాయి. అయిదోది, అదే ఆఖరుది, అడిగితే మాత్రం అత్త "చూద్దాంలే" అంటుంది.

"హీరో చొక్కా రైలు మీద చిరిగింది. పేజీ తిప్పితే గుండీలు పెట్టుకుంటున్నాడు. మధ్యలో ఎవడయ్యా కుట్టింది?" అన్నాడు టైలరు.

"కుర్రతనపు రాత. పరుగెక్కువ, ఊపిరి తక్కువ" అన్నాడు లెక్కల మాస్టారు. "అయినా అన్నం చల్లారిపోయినా కింద పెట్టలేకపోయాను, అది వేరే సంగతి."

లాంచీ బాబాయ్ టీగ్లాసు కింద పెట్టాడు. ఏరు దాటించే లాంచీ నడిపి నడిపి ఇంట్లో కూర్చున్న మనిషి. ఆయన గ్లాసు కిందికి దిగిందంటే గొంతు పైకి లేస్తుందని అందరికీ ఎరుకే.

"అసలా రచయిత నా లాంచీ ఎక్కినవాడేనయ్యా. ఇంజను పక్కన కూర్చుని, ఇదేమిటి అదేమిటి అని అడిగాడు. చెప్పాను."

"అంతేనా?" అన్నాడు టీకొట్టాయన.

"అంతే అయితే మీకెందుకు చెప్తాను? మూడో భాగంలో ఏట్లో తరుముకొచ్చే ఘట్టం ఉందే, అది నాకు జరిగిందే! వెనక దొంగల లాంచీలు, ముందు నేను, మధ్యలో తుపాకీ గుళ్లు. లాంచీ జల్లెడైపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మునిగింది."

"నీ మొహం! ముందు చిల్లుల్లోంచి వచ్చిన నీళ్లు వెనక చిల్లుల్లోంచి పోతుంటే ఎలా మునుగుతుంది? ఇంకా తేలిగ్గా పోయింది. డీజిలు అయిపోయిందా, ఫ్లాస్కులో టీ ఉంటే అదే పోశాను. ఒక గుండు మరీ మొండిది, మూడు మలుపులు నా వెంటే వచ్చింది. నాలుగో మలుపులో చటుక్కున తిప్పేశా. పాపం దానికి దారి తెలీదు, గట్టు మీద గేదెలు కాసేవాణ్ణి అడుగుతూ ఆగిపోయింది!"

టైలరు నోట్లో టీ బెంచీ మీద పడింది. కిటికీ ఇవతల అత్త కూడా నవ్వింది గానీ, చెయ్యి ఆపలేదు.

"ఆ ఊపులో ఏరు అయిపోయింది, లాంచీ ఆగలేదు. ఇసక మీద పోయింది, రోడ్డు మీద పోయింది. నేను రేవుకి చేరి మొహం కడుక్కుని తల దువ్వుకుంటుంటే నా నీడ అప్పుడు రొప్పుకుంటూ వచ్చింది!"

"సరే బాబాయ్, ఆఖరికేమైంది? నాలుగో భాగంలో హీరో పెళ్లాంతో 'దీపాలవేళకి వచ్చేస్తా' అని లాంచీ ఎక్కాడు. ఆవిడ రేవు మెట్ల మీద నిలబడిపోయింది. తిరిగొచ్చాడా?" అన్నాడు మాస్టారు.

అత్త చెయ్యి ఆగింది.

"రాకేం? బాజాలతో వచ్చాడు! అయిదో భాగం చదివినవాణ్ణి, ఈ రెండు కళ్లతో. దొంగలందర్నీ ఒకే తాడుకి గుచ్చి లాక్కొచ్చి ఆవిడ కాళ్ల దగ్గర పడేశాడు. ఆవిడ..."

"ఏమయ్యా, నిజంగా వచ్చాడా?" కిటికీలోంచి అడిగింది అత్త.

ఆ అడగడంలో ఏముందో, బాబాయ్ గొంతు కాస్త తగ్గింది. "వచ్చాడు వదినా. చదివానంటే నమ్మవేం?"

అత్త లేచి, గుడ్డలో చుట్టిన అయిదో భాగం తెచ్చి కిటికీ గూట్లో పెట్టింది. పెద్ద కాగితాన్ని మడిచిన మడత మడిచినట్టే ఉంది. అంచులు కొయ్యలేదు గనక పేజీలు ఇంకా అతుక్కునే ఉన్నాయి. పై పేజీ తప్ప లోపలి పేజీలు మనిషి కంటపడే దారే లేదు.

"ఇది తెచ్చిన రోజు, అలిసిపోయాను, రేపు చదువుతానన్నాడు మీ అన్నయ్య. ఆ రేపు ఆయనకి రాలేదు. అప్పట్నుంచీ దీన్ని ఎవరూ కొయ్యలేదు. నువ్వెక్కణ్ణుంచి దూరి చదివావయ్యా?"

బెంచీ మీద నవ్వు భళ్లుమంది. బాబాయ్ నవ్వలేదు. తల గోక్కుని, "మరి నువ్వెందుకు చదువుకోలేదు వదినా? నీకు చదువొచ్చుగా?" అన్నాడు.

"వచ్చు. పై పేజీ నోటికే వచ్చు. 'మెట్ల మీద నిలబడ్డ ఆమెకి దూరంగా ఒక' అని ఆగిపోతుంది. లోపలిది నేను చదివితే నా గొంతే వినిపిస్తుంది కదా. ఆయన కథలో దెబ్బలాటలొస్తే వీధి చివరికి వినబడేలా అరిచి చదివేవాడు." కాగితం కోసే చెక్క బద్ద తీసి బాబాయ్ చేతిలో పెట్టింది. "ఈ వీధిలో అంత గొంతు నీకే ఉంది. చదువు. ఒక్క మడతే కొయ్యి."

బాబాయ్ మడత కోశాడు. "దూరంగా ఒక... దీపం కనబడింది. అది ఇటు వస్తోందో, అటు పోతోందో..."

"గట్టిగా" అంది అత్త, కళ్లు మూసుకుని.

గట్టిగా చదివాడు. దారిన పోయేవాళ్లు ఆగి విన్నారు. విప్పిన రెండు పేజీలూ అయిపోయాయి, తర్వాతిది మళ్లీ అతుక్కునే ఉంది. బాబాయ్ అలవాటు కొద్దీ తలెత్తాడు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"నీకూ తెలీదుగా బాబాయ్!" అన్నాడు టైలరు.

బాబాయ్ ఆ మడత వైపు చూశాడు. "తెలీదురా" అన్నాడు, ఎంతో అపురూపంగా.

అత్త ఆ భాగాన్ని మళ్లీ గుడ్డలో చుట్టింది.

"రేపు దీపాలవేళకి వచ్చెయ్యి" అంది.