ముందు పలకరించని మనిషి

ఇంగ్లండ్ పట్టణం రీడింగ్‌లోని హెచ్‌ఐవీ క్లినిక్‌లో నర్సు రక్తం తీయబోతోంది. కుర్చీలో కూర్చున్న కుర్రాడూ తెలుగువాడే.

"ఉగాది ఫంక్షన్లో ఎదురుపడ్డా ఎరగనట్టు వెళ్లిపోయారక్కా."

"పక్కన మీ అమ్మగారున్నారు కదా. ఈమె నీకెలా తెలుసని అడిగితే ఏం చెప్తావు? ముందే చెప్పానుగా, పేషెంట్లు పలకరిస్తే తప్ప బయట నేనెవరినీ పలకరించను."

"ఆవిడకెంత పొగరో అంది మా అమ్మ."

"అననీ. ఈ ఊళ్లో తెలుగువాళ్లు చాలామంది అదే అనుకుంటారు."

"బాధగా ఉండదా?"

"ఎందుకుండదు? ప్లేటు పట్టుకుని ఒక్కదాన్నే ఓ మూల కూర్చుని తినేసి వస్తాను. పోనీలే, మీరు నిశ్చింతగా తింటారు కదా. పిడికిలి బిగించు."

"అమ్మకి చెప్పేశానక్కా."

"ఏం చెప్పావు?"

"నాకున్నదేంటో, మీరెవరో, అంతా."

"ఏమన్నారు?"

"ఏడ్చింది. మందులు వేళకి వేసుకుంటున్నావా అని అడిగింది. తర్వాత మీ గురించే. నీ కోసం ఆ అమ్మాయి నాచేత పొగరుబోతు అనిపించుకుందా అని ఒకటే గొడవ. బయట వెయిటింగ్ రూమ్‌లో కూర్చుంది."

"ఇప్పుడా?"

"మీరు ముందు పలకరించరని చెప్పాను. తనే పలకరిస్తానంది. ఏమనాలో పొద్దుటినుంచీ లోపల్లోపల అనుకుంటూనే ఉంది."

"ఈ దూది గట్టిగా నొక్కిపట్టు. అయ్యో, నా జుట్టు సరిగ్గా ఉందా?"