వేడి లేదని రాసుకో

బొమ్మనహళ్ళిలో ఒక రేకుల ఇల్లు. బయట జూలై వాన. సర్వే కాగితాలతో గడపలో ఆశ, లోపల సొన్నమ్మ.

“వేడా? మూడు దినాల నుంచి స్వెట్టర్ విప్పలే తల్లీ. ఏం వేడి?”

“ఇవాళ్టి సంగతి కాదమ్మా. మొత్తం మీద భూమి వేడెక్కుతోందని నమ్ముతారా?”

“లేదు.”

“సరే. వాతావరణం మారిందంటారా?”

“మారిండాది. వాన ఎప్పుడొస్తాదో, ఎప్పుడు పోతాదో ఎవురికి తెలుసు.”

“మరి వేడి పెరిగిందని...”

“అది లేదంటిని కదా.”

“చాలామంది ఇలాగే చెప్తారమ్మా. ప్రశ్నలో మాట మారిస్తే జవాబు మారిపోతుంది. వాన పడితే ఇంకా మారిపోతుంది. అది చూడ్డానికే ఎండాకాలంలో అడిగిన ఇంటికి మళ్ళీ వస్తాం.”

“మా ఇంటికి ఎవురూ రాలే.”

“వచ్చారు. ఏప్రిల్ తొమ్మిదిన. ‘వేడి చాలా పెరిగింది, పని చేసే చోట నిలబడలేకపోతున్నాం’ అని రాసుంది. చెప్పింది మీ ఆయన రామాంజి గారు.”

“ఆయన అట్ల చెప్పినాడా?”

“అవును. రూల్ ప్రకారం ఆయన్నే అడగాలి. ఎప్పుడొస్తారు?”

“రాడు.”

“డ్యూటీనా?”

“నువ్వు చెప్పిన తారీకుకి వారం కాలే, గార్మెంట్స్‌లో ఇస్త్రీ చేస్తా చేస్తా పడిపాయ. మళ్ళా లేయలే.”

“అయ్యో. వడదెబ్బా?”

“ఆ మాట రాయొద్దు.”

“రాయట్లేదమ్మా.”

“గుండెపోటు. కంపెనీవాళ్ళ కాగితంలో అట్లే ఉండాది. నేనే సైన్ చేసినా.”

“మీకు మాత్రం ఏమనిపిస్తోంది?”

“నెత్తి మీద రేకు, మూతి ముందర ఆవిరి. ఫ్యాన్ వేస్తే గుడ్డ కదులుతాదని వేయరు. అన్నం తెచ్చిచ్చేదానికి పోయి నేనే చూసినా. నాకు తెలీదా? వేడికి పోలేదని సైన్ చేస్తేనే ఇంట్లో ఒకరికి పని ఇస్తామనిరి.”

“మీకిచ్చారా?”

“నన్నెవురు పెట్టుకుంటారు, మోకాళ్ళు పోయిండాయి. మా బిడ్డ నేత్రావతికి ఇచ్చినారు.”

“కుట్టు మిషన్ మీదా?”

“వేడి లేదని రాసుకో తల్లీ. వాన కదా, ఎవురూ ఏమీ అనుకోరు.”

“రాసుకున్నాను. ఏప్రిల్‌లో ఇంకోసారి వస్తానమ్మా. మళ్ళీ ఇదే ప్రశ్న.”

“అప్పుడు నన్ను అడగొద్దు. వాళ్ళ నాయన నిలబడిన జాగాలోనే నిలబడుకోనుండాది నేత్రావతి. దాన్ని అడుగు. ఉంటే చెప్తాది.”