బారెడు బార్

మిషన్ల విడిభాగాల దుకాణం వదినది. బల్ల మీదున్న, చెట్లు కోసే పెద్ద మిషను మరిదిది. పక్కన చైన్ తిరిగే పొడుగాటి ఇనుప పట్టీ, అదే బార్, విడిగా పడి ఉంది. చైన్ చుట్టచుట్టి ఇంకో మూల ఉంది. బల్లకి అటు వదిన, ఇటు మరిది. మాట అప్పటికే వేడెక్కింది.

"ఇంకోసారి చెప్పు. ఎంత పొడుగు?"

"చెప్పాను కదా వదినా. దొరికినవాటిలో పెద్దది. బారెడు."

"బారెడు బార్. మూరెడు మనిషికి బారెడు బార్. దీన్ని నిలబెడితే నీ చంక దాకా వస్తుంది. ముసలితనంలో చేతికర్రకి పనికొస్తుంది, దాచుకో."

"నా ఎత్తు సంగతి ఇప్పుడెందుకు? మిషను పెద్దది. పెద్ద మిషనుకి పెద్ద బార్ వేస్తారు. తప్పేముంది?"

"తప్పేం లేదు. ఈ ఇంజనుకి బలముంది, లాగుతుంది. నేనడిగేది నువ్వు లాగుతావా అని."

"లాగుతాను."

"పిట్ట కొంచెం, కూత ఘనం. ఎక్కడిదీ బార్?"

"పాత సామాన్ల కొట్లో."

"చైన్?"

"అదీ అక్కడే. అంటే, దాని పక్క కొట్లో."

"పొడుగు ఎలా చూశావు?"

"టేపుతో. ఈ చివర నుంచి ఆ చివరిదాకా. ఒకటికి రెండుసార్లు."

"తోక కూడా కలిపి కొలిచావు. ఈ ముక్క మిషను లోపలికి పోతుంది నాయనా. బయటికి ఉండి చెక్కని కోసేదే కొలత. లోపల దాక్కునేది లెక్కలోకి రాదు."

"ఆ మాత్రం తేడాకి ఏమవుతుంది? చైన్ లాగి బిగిస్తే సరి."

"పైజామా బొందు అనుకున్నావా, లాగి బిగించడానికి? ఇలా వంగి చూడు. బార్‌కి చుట్టూ ఈ గాడి ఉందా? చైన్ అడుగున ఈ కాళ్ళున్నాయే, అవి ఆ గాడిలో నడవాలి. గాడి వెడల్పు, కాళ్ళు సన్నం. నాన్న చెప్పులేసుకున్న పిల్లాడిలా ఊగుతుంది. పైగా మిషనులో చక్రం పళ్ళ ఎడం వేరు, చైన్ లింకుల ఎడం వేరు. మీ ఆవిడకి మెళ్ళో చైన్ కూడా ఇలాగే పొడుగొక్కటే చూసి కొన్నావా?"

"అది వాళ్ళ నాన్న చేయించాడు."

"బతికిపోయింది. మిషను ఒక ఇంటిది, బార్ ఒక ఇంటిది, చైన్ ఇంకో ఇంటిది. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టుకొచ్చావు."

"మోకాలికేమైంది?"

"ఏమవుతుంది? సామెత చెప్పాను. నువ్వెందుకు ఉలిక్కిపడ్డావు?"

"ఉలిక్కిపడలేదు. ఈ స్టూలు ఊగుతోంది."

"స్టూలు ఊగదు. దగ్గరుండి చేయించాను దాన్ని."

"పని చూడు వదినా. రేపు పొద్దున్నే చెట్టుంది. మొన్న గాలివానకి పడింది, సగం గోదాము కప్పు మీద, సగం దారికి అడ్డంగా. రేపు శుభ్రంగా దింపితే ఆ గోదాముల చుట్టూ పనంతా మనకే వస్తుంది. లేదంటే మనకి పోటీగా చెట్లు కోసే ఆ బట్టతలవాడు గోతికాడ నక్కలా కాచుక్కూర్చున్నాడు."

"ఎంత లావు?"

"బట్టతలవాడా?"

"చెట్టు."

"ఓ, చెట్టా. లావే. అంటే మరీ లావేం కాదు."

"అయితే మధ్యరకం బార్ చాలు. అటో కోత, ఇటో కోత పెడితే తెగిపోతుంది. ఇన్నాళ్ళూ అలాగే కదా కోస్తున్నావు. ఇప్పుడు బారెడు ఎందుకు?"

"ఎందుకంటే... వంగక్కర్లేదు కదా. నిటారుగా నిలబడే నేల మీది దుంగ కోసుకోవచ్చు."

"వంగితే ఏం?"

"నడుం నొప్పి."

"ఎప్పటినుంచి?"

"మొన్నటి నుంచి."

"మొన్ననే మా పెరట్లోంచి నీళ్ళ మోటారు ఒక్కడివే భుజానేసుకుని పోయావు. అసలు నీకు నేల అంత దూరం ఎక్కడుంది వంగడానికి? చెయ్యి చాపితే అందుతుంది."

"ఎగతాళి చాల్లే."

"అయితే నీళ్ళు నమలకుండా చెప్పు. ఇది ఎవరి చేతికి?"

"నాకే. ఇంకెవరికి?"

"నీకే కదా. అయితే వేసేస్తా. రేపు దుంగలో సగం దిగాక ఈ చైన్ గాడిలోంచి ఎగురుతుంది. పట్టుకున్నవాడి తొడకో మొహానికో తగులుతుంది. నీదేగా తొడ, నాకేం? ఆ పానా ఇటివ్వు."

"వదినా."

"పానా."

"ఇదిగో. కాదు, ఆగు."

"నట్టు బిగిస్తున్నా. చెయ్యి తియ్యి."

"ఆగు వదినా. వెయ్యకు. తియ్యి దాన్ని."

"ఇందాక లాగి బిగిస్తే సరి అన్నావు. నీ తొడ మీద నీకు ఇప్పుడే ప్రేమ పుట్టిందా?"

"నా తొడ కాదు."

"మరి ఎవరిది? గట్టిగా చెప్పు, ఈ కొట్లో చప్పుడుకి నాకు చెవులు సగం పోయాయి."

"అన్నయ్యది. కోసేది అన్నయ్య. చాలా? మోకాలు వంగదు కదా ఆయనకి. పొట్టి బార్‌తో కోస్తుంటే పక్కకి ఒరిగిపోయి, ఒంటికాలి మీద నిలబడి... చూళ్ళేకపోయాను. అందుకే పొడుగుది వెతికి తెచ్చాను."

"రెండేళ్ళ కిందట ఆ కాలి మీద దుంగ దొర్లినప్పుడు, ఆస్పత్రి మంచం మీద నా చేతిలో చెయ్యేసి ఏమన్నాడు మీ అన్నయ్య?"

"ఇక మిషను ముట్టనన్నాడు."

"పక్కనే నిలబడి నువ్వేమన్నావు?"

"ముట్టనివ్వనన్నాను."

"మరి రోజూ పొద్దున్నే నడక అంటూ పోతున్నాడే, కాలు బాగుపడుతుందని?"

"నడకే. చెట్టు దాకా నడుస్తాడు."

"తడిగుడ్డతో గొంతు కోశారు, అన్నా తమ్ముడూ కలిసి."

"నన్ను ఎంతైనా తిట్టు. ఆయన్ని ఏమీ అనకు. రేపటి చెట్టు నా వల్ల కాదు. అది కప్పు మీద ఎటు బిగిసి ఉందో, ముందు ఎక్కడ తెంచితే ఎటు పడుతుందో ఆయన చూడగానే చెప్తాడు. నేను చెమట మాత్రమే ఓడ్చగలను."

"బార్ అన్న మాట చెవిన పడి నేను ఎన్ని రాత్రులు నిద్రపోలేదో తెలుసా నీకు?"

"బార్ అంటే నిద్రెందుకు పట్టదు? పొద్దస్తమానం అవే కదా అమ్ముతావు."

"పోయిన నెల మీ అన్నయ్య పెరట్లో నీతో ఫోన్లో గుసగుసలాడాడు. 'చిన్న బార్‌తో నా పని కావట్లేదురా, పెద్ద బార్ చూడు, మీ వదినకి తెలియనివ్వకు' అని. నేనేం అనుకోవాలి?"

"ఏమనుకున్నావు?"

"తాగుతున్నాడనుకున్నాను."

"వదినా, నువ్వా?"

"నవ్వకు. కొట్లో బార్ అంటే ఇనుము. మొగుడు దొంగచాటుగా బార్ అంటే ఏ పెళ్ళానికైనా ఒకటే తడుతుంది. నాలుగు రాత్రులు ఓర్చుకుని, ఐదోనాడు వెనకాలే వెళ్ళాను. ఏ మందుకొట్టు ముందు దొరికితే అక్కడే జుట్టు పట్టుకుందామని."

"దొరికాడా?"

"ఇటుకల బట్టీ వెనక దొరికాడు. దుంగ మీదికి ఒరిగి మిషను పట్టుకుని ఆయన, తాడు పట్టుకుని నువ్వు. ఒళ్ళంతా రంపపు పొట్టు. నువ్వేదో అన్నావు, నవ్వాడు. పళ్ళన్నీ కనపడేలా నవ్వాడు. రెండేళ్ళుగా ఇంట్లో ఆ నవ్వు నేను చూళ్ళేదు. చంపేద్దామన్నంత కోపంతో వెళ్ళినదాన్ని, దారి పొడుగునా ఏడ్చుకుంటూ వచ్చాను."

"నెల నుంచీ తెలిసి ఒక్క మాటా అనలేదా?"

"అంటే మానేస్తాడు. మాటిచ్చిన మనిషి కదా. మానేసి మళ్ళీ ఆ కిటికీ ముందు కూర్చుంటాడు, వచ్చే పోయే బళ్ళు లెక్కపెడుతూ."

"మరి ఇందాకటి నుంచి నన్నెందుకు ఉడికించావు?"

"ఆ చైన్ వేస్తుంటే ఆగమంటావో లేదో చూద్దామని. ఆగమనకపోతే రేపు ఆయన పక్కన నిలబడటానికి నువ్వు పనికిరావు."

"అనకపోయి ఉంటే?"

"ఆ పానా నీ నెత్తిన పడేది. సరేగానీ, ఈ చెత్త కొన్నచోటే పడేసి రా. ముందు ఆ తలుపు వెనక గోనె తియ్యి."

"ఇది కొత్త బార్. చైన్ కూడా ఉంది దీనికి."

"చైన్ అడుగు కాళ్ళు గాడిలో పెట్టి చూడు. ఊగుతున్నాయా?"

"కదలట్లేదు. దీనికోసమే పుట్టినట్టున్నాయి. కానీ నేను తెచ్చినదాని కంటే పొట్టి కదా ఇది."

"మీ అన్నయ్యకి పొట్టి కాదు. నిటారుగా నిలబడి మిషను పట్టుకుంటే కొస నేలకి బెత్తెడు పైన ఆగుతుంది. అంతకంటే పొడుగైతే మట్టిలో గుచ్చుకుంటుంది, పొట్టిదైతే మళ్ళీ ఒరుగుతాడు. కిందటిసారి ఒరిగే కదా దుంగ కిందికి పోయాడు."

"ఆయనకి తెలియకుండా ఎలా కొలిచావు?"

"నిద్రపోతుంటే. పిడికిలి నుంచి మడమ దాకా దారం పెట్టి. ఏం, నవ్వొస్తోందా?"

"లేదు వదినా."

"అయితే ముక్కు తుడుచుకో, మిషను మీద పడుతుంది. చక్రం కూడా మార్చి ఇస్తాను, కూర్చో."

"ఎవరిచ్చారని అడుగుతాడు."

"పాత సామాన్ల కొట్లో దొరికిందను. ఇన్నాళ్ళూ చెప్పినవాటి పక్కన ఇదొక లెక్కా? ఆగు, ఫోను. ఆయనే. నోరు తెరిచావంటే చంపుతాను."

"సరే."

"ఏవండీ. ఆఁ, కొట్లోనే ఉన్నాను. తమ్ముడా? ఇటు రాలేదే. రేపు పొద్దున్నే నడకా? వెళ్ళండి, నేనే లేపుతాను. చెప్పులు వద్దు. అటక మీది మీ ఇనుప ముక్కు బూట్లు దించి, తుడిచి, గుమ్మం దగ్గర పెట్టాను, అవి వేసుకోండి. ఎందుకంటారేంటండీ, దారిలో చెట్టు పడి ఉందట."