సుబ్బరత్నమ్మ కొవ్వు

ఆ మాత్ర ఆడ పెట్టు పాపా, మింగుతాలే. ఏమంటివి, కొవ్వు మాత్రనా? ఆ మాట మన మైదుకూరులో నవ్వకుండా అనేదానికి కాదు తల్లీ. నువ్వప్పుడు పలక పట్టుకోని తిరుగుతాంటివి, నీకు గుర్తుండదు. మన కుట్టు అంగడికి ఎదురుగా పెంచలయ్య శెట్టి అంగడి ఉండె గదా, ఆయప్ప అమ్మ సుబ్బరత్నమ్మ. తొంభై దాటినా అంగడి మెట్లు ఎవురి చెయ్యీ పట్టకుండా ఎక్కి, పీటేసుకోని కూచోని, బజారులో పొయ్యేటోళ్లనంతా తిట్టేది. నన్ను ఏపొద్దూ పేరు పెట్టి పిల్చలా, 'ఒరే కత్తెరోడా' అనే. కోడలు కన్యకమ్మకైతే పొద్దన్నే కాఫీకంటే ముందు తిట్లే. సోడాబండి చిన్న ఈరన్న ఆమెకు భయపడి బండి యాడనో సందులో పెట్టుకునేటోడు.

రెండువేల మూడో నాలుగో, అమ్మవారిశాల గుడిలో దుడ్లు తీసుకోకుండా నెత్తురు పరీచ్చలు చేస్తామని వచ్చినారు. మూడోనాడు ఒక కుర్ర డాక్టరు కాగితం చూసి, 'అవ్వా, నీకు కొవ్వు శానా ఉండాది' అన్యాడు. ఊరంతా ఎన్నో ఏండ్లుగా మనసులో అనుకుంటా, నోరు తెరిచి అనల్యాని మాట. ఆ పిల్లోడు పాపం కాగితంలో చూసి చదివేసినాడు. మేము కండువలు నోట్లో కుక్కుకుంటిమి. ఆమె లేచి, మా అత్తే అనలేదు ఆ మాట, నువ్వెవురురా అని వాని మీదికి పాయ. వాడు బెదిరిపోయి, నీకు కాదవ్వా, నీ నెత్తురులో ఉండాది అన్యాడు. అయితే మా పుట్టింటోళ్లనంటావా అని ఇంకో అడుగు ముందుకేసె. ఆ డాక్టరు మళ్లా మన ఊరికి రాలా.

పెంచలయ్య మాత్రలు తెచ్చి దినామూ మింగించబట్టె. నెయ్యి బందు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి బందు. ఆ ముసలామెకు ఊరిబిండి ల్యాకుంటే ముద్ద దిగదు, అది ఎవురికీ పట్టలా. కన్యకమ్మ నా కాడికొచ్చి, అన్నా, ఆ మాత్రకు కొవ్వు నిజంగా కరుగుతాదా అని మెల్లగా అడిగె. పాపం, ఆశ. కొన్నాళ్లకు కరిగినట్టే ఉండె. తిట్లు తగ్గిపాయ. ఈరన్న సోడాబండి తోసుకోనొచ్చి ఆమె మెట్ల కాడనే పెట్టె. నేనూ సంబరపడితి, అబద్ధమెందుకు.

తర్వాత చూస్తే తొడలు నొప్పులనె, మెట్లెక్కల్యాకపాయ. పీట మీద నుంచి లేపాలంటే కొడుకొక పక్క, కోడలొక పక్క. నాకు మనసు మనసులో ల్యాక ఒక పని చేస్తి. ఆమె రైక కుట్టమని ఇచ్చింటే, కావాలనే ఒక చెయ్యి పొడుగు, ఒక చెయ్యి పొట్టి పెట్టి ఇస్తి. తిట్టించుకుందామనే. ఆమె తొడుక్కోని చూసుకోని, 'బాగుండాదిలే నాయనా' అనింది. నాయనా అంట. ఇంక ఈమె మనకు దక్కదనుకుంటి పాపా, శానా భయమేసింది. బయటికొస్తే కన్యకమ్మ కండ్లు తుడుచుకుంటాంది.

మరుసటి దినమే కన్యకమ్మ అత్తను జీపులో కూచోబెట్టుకోని పొద్దుటూరు పెద్ద డాక్టరు కాడికి పాయ, తోడుగా నేనూ పోతి. ఆయన, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లెయ్యవ్వా అన్యాడు. ఆమె లెయ్యల్యాకపాయ. ఏం తింటాందని అడిగినాడు, మాత్ర చూసినాడు. ఇంత వయసులో ఈ మాత్రతో ఒరిగేది ఎంతో గట్టిగా చెప్పల్యాము, ఈ నీరసం మాత్రదో, ముసలితనందో, కూడు తగ్గించినందుకో అదీ చెప్పల్యాను, ఆపి చూద్దాం, పప్పూ నెయ్యీ పెట్టండి, దినామూ కొంచెం నడిపించండి అన్యాడు. కన్యకమ్మ చేతులు జోడించింది. 'మా అత్త కొవ్వు మాకు తెచ్చియ్యి సారూ, ఎన్ని తిట్లైనా నేను పడతా' అనింది. డాక్టరు నవ్వల్యా.

కొన్ని వారాలు పట్టిందిలే. ఒకపొద్దు నేను మిషను కాడ తల వంచుకోని కుడతాంటే, రైక వచ్చి నా మొగాన పడె. తలెత్తితే ఆమె. కట్టె పట్టుకోని, ఒంటిగా బజారు దాటొచ్చింది. 'ఒరే కత్తెరోడా, ఒక చెయ్యి నాకు, ఒక చెయ్యి నీ పెండ్లానికి కుట్టినావా?' ఎదురుగా ఈరన్న సోడాబండి తోసుకోని బిరీన పోతాండాడు. కన్యకమ్మ మెట్ల మీద నిలబడి కొంగడ్డం పెట్టుకోని నవ్వుతాంది. నాకేమో ఏడుపు ఆగల్యా.

ఆ రైక నేను సరిచెయ్యనే ల్యా. రేపంటి, ఎల్లుండంటి. సరిచేసిస్తే మళ్లా రాదు గదా. దినామూ బజారు దాటొచ్చి తిట్టిపొయ్యేది, సచ్చిపొయ్యేదాకా. ఈడనే ఉండాది, ఆ కొయ్యపెట్టెలో అడుగున...

నీళ్లియ్యి పాపా. మాత్ర యాడ పెడితివి?