చెంచయ్య మామ చేయించుకున్న లేజర్

సౌజన్య ముంజేతి మీద రూపాయి బిళ్ళంత పుట్టుమచ్చ ఉంది. ఒళ్ళంతా పొడిగా ఉన్నా ఆ ఒక్కచోట చెమట కారుతూనే ఉంటుంది. మిరపకాయలకి తొడిమలు తీసే పిల్లకి అంతకన్నా శాపం లేదు, ఆ తడికి కారం అంటుకుని ఒకటే మంట. చెమట గ్రంథులు గుంపుగా ఒకేచోట పుడితే వచ్చే అరుదైన మచ్చట అది, లేజర్ చేస్తే తగ్గొచ్చని ఒంగోలు డాక్టరమ్మ రేపు రమ్మంది. కల్లం పక్కన ఖాజాబీ టీకొట్టులో ఆ మాట చెవిన పడటమే ఆలస్యం, కొడవలి లేకుండా కోతలు కోసే చెంచయ్య మామ ఎడమ భుజం మీది తువ్వాలు సర్దుకుని అందుకున్నాడు.

“నాకూ ఉండేదమ్మాయ్ అట్టాంటిదే, ఈ భుజం మీద. నీది బిళ్ళంత, నాది పళ్ళెమంత. మొదట్లో చొక్కా తడిసేది, అంతే. తర్వాత్తర్వాత, చెబితే నమ్మరు గానీ, మంచం కింద బిందె పెట్టుకుని పడుకునేవాణ్ణి. సాగర్ కాలవకి నీళ్ళు రాని ఏడు నేను గట్టు మీద బోర్లా పడుకుంటే అరెకరం మిరప తడిసింది.”

“ఉప్పునీళ్ళకి చేను చావలేదా?” అన్నాడు కాటా వేసే సిలార్.

“అందుకే ఆ ఏడు మీ అత్త పచ్చట్లో ఉప్పు వెయ్యలేదురా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? లేజర్‌కి పోయా. మత్తుసూది వద్దన్నా. మొదటి దెబ్బకి మచ్చలో నీళ్ళు సలసలా కాగి, మిషనే ఆగిపోయింది. మద్రాసు నుంచి ఇంకోటి తెప్పించారు. దాని మంట నా భుజంలోంచి, గోడలోంచి దూరి, బయటున్న పత్తిలారీని తగలబెట్టేసింది. ఆ పొగ చూసి కొత్తపట్నంలో పడవలోళ్ళు తుఫానొచ్చిందని ఒడ్డుకొచ్చేశారు. మచ్చ మాత్రం మాయం.”

అందరూ నవ్వారు, సౌజన్య తల్లి గురవమ్మ తప్ప. ఆమె గ్లాసు కింద పెట్టి, లారీనే కాల్చిందంటే పిల్ల చెయ్యి ఏమవుతుంది, రేపు పోవద్దులే అనేసింది.

సౌజన్య ఏడాది బతిమాలితే గానీ అమ్మ ఒప్పుకోలేదు, అదంతా ఈయన కోతలతో గంగలో కలిసింది. ఒళ్ళు మండి మామ వంక చూసింది. పుష్యమాసపు చలికి అందరూ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు. ఆయన తువ్వాలు మాత్రం ఎడమవైపు తడిసి చొక్కాకి అతుక్కుపోయి ఉంది. ఆ తడి ఎలాంటిదో ఆమెకి తెలుసు.

లేచి వెళ్ళి ఆ తువ్వాలు తీసి, అమ్మ ముందే పిండింది. బొట్లు రాలాయి.

“మాయమైన మచ్చకి ఇంత చెమటేంది మామా?”

చెంచయ్య తువ్వాలు అందుకుని, లేజర్ తనని తాకనే లేదని, మిషన్ చప్పుడు వినగానే వచ్చేశానని, చెప్పులు కూడా అక్కడే వదిలేశానని మెల్లగా ఒప్పుకున్నాడు.

గురవమ్మ కూతురి చెయ్యి ఒకసారి చూసి, లేచి కొంగు దులుపుకుంది.

“పొద్దున ఏడింటి బస్సుకి మేం పోతున్నాం అన్నయ్యా, నువ్వూ రా. వైద్యం చేయించుకోకపోయినా చెప్పులన్నా తెచ్చుకుందువు.”