శుక్రవారం రింగు

ఎల్లారెడ్డి బస్టాండు. పొద్దున తొమ్మిది. కామారెడ్డి బస్సు ఇంకా రాలేదు. బెంచీ మీద ఇద్దరు ఆడవాళ్లు.

“ఉల్టా పెట్టిన గొడుగుకు గీ చమ్కీ కాయిదమేంది బిడ్డా? పెండ్లి గిట్ల ఉన్నదా?”

“పెండ్లి కాదవ్వా. కామారెడ్డిల సైన్స్ ఫెయిర్ ఉన్నది. నేను టీచర్‌ను, నా పేరు అనిల. పిల్లలు జీపుల పోయిన్రు. గొడుగు దాంట్ల పట్టలే, దీన్ని పట్టుకొని నేను బస్సుకొచ్చిన.”

“నేను గంగామణి. గొడుగెందుకు మరి?”

“ఇది ఆకాశంల పోయే మిషన్ బొమ్మ. గొడుగు దాని చెవ్వు అనుకో. మనం పంపిన మాట దీంతోనే పట్టుకుంటది. ఆడ చూసింది మల్ల మనకు చెప్తది.”

“దాంట్ల ఎవలుంటరు?”

“ఎవ్వలు లేరు. మిషన్ ఒక్కతే. పోయి యాభై ఏండ్లు కావస్తున్నది. మల్ల రాదు.”

“ఒక్కతేనా! ఎందుకు పంపిన్రు మరి?”

“దూరమున్న గ్రహాలను చూసి రమ్మని... రమ్మని కాదు, చూసి చెప్పుమని. ఇంకోటి గూడ ఉన్నది. ఆ చుక్కల నడుమ ఎవలన్న ఉంటే వినాలని దాంట్ల ఒక రికార్డు పెట్టిన్రు. దేశదేశాల మాటలల్ల నమస్తే చెప్పిన్రు. మన తెలుగుల గూడ ఉన్నది.”

“తెలుగులనా! మరి ఎవలన్న పలికిన్రా?”

“ఇంకా లేదు.”

“యాభై ఏండ్లల్ల ఒక్కలు గూడనా?”

“ఊఁ.”

“మరి ఇగ ఎవ్వలు లేరని రాసి సంతకాలు పెట్టలేదా మీవోళ్లు?”

“గట్ల ఎవలు పెడ్తరవ్వా? ఇంకా ఎదురుచూస్తనే ఉన్నరు. నీ చేతుల కాయిదమేంది? నలిగిపోతున్నది.”

“ఇదా. ఏం లేదు. కామారెడ్డిల పెద్దాఫీసుల ఇయ్యాలె. మా మరిది నర్సింహులు రాయించిండు.”

“చూడనా?”

“చూడు. ఏమున్నదో నాకెర్కనే.”

“‘నా భర్త ఎంకయ్య దుబాయి వెళ్లి, ఆరేళ్లుగా ఆచూకీ లేనందున, చనిపోయినట్టుగా భావించి రేషన్ కార్డులో పేరు తొలగించగలరని...’ అవ్వా!”

“సంతకం ఒక్కటే లేదు. ఆడికి పోయినంక పెడ్త.”

“ఏం తొందరొచ్చింది? ఉండనియ్యరాదు.”

“పేరు తీసేస్తే నేనేందో తేలుతది గదా. మొన్న పక్కింటి సుభద్రమ్మ పసుపు బొట్టుకు పిలిచింది. అందరికి బొట్టు పెట్టుకుంట పెట్టుకుంట నా కాడికొచ్చి, కుంకుమ డబ్బ మూసింది. పెట్టాల్నా వద్దా ఆమెకు తెలువలే. నాకు గూడ తెలువలే. మొగడున్నోళ్లల్ల లేను, లేనోళ్లల్ల లేను. ఇంటికొచ్చి తలుపేసుకొని ఏడ్చిన.”

“ఆయన ఫోన్ చేస్తుండెనా?”

“ఫోన్ కాదు, రింగు. శుక్రారం సుట్టి గదా ఆడ. ఒక్క రింగిచ్చి పెట్టేస్తుండె. నేను ఎత్తొద్దు. మంచిగున్న అని దానర్థం. నేను తిరిగి ఒక్క రింగియ్యాలె, నేను గూడ మంచిగున్న అని. పన్నెండేండ్లు గట్లనే మాట్లాడుకున్నం.”

“నోరు తెరువకుండనా?”

“పండుగకో, ఎవలన్న పోతెనో నోరు తెరుస్తుంటిమి. మిగిలిన రోజులకు రింగే మా మాట.”

“మరెట్ల ఆగిపోయింది?”

“ఆగింది. గంతే.”

“నర్సింహులు చేసి చూడలేదా?”

“అన్నదమ్ములకు పడదు. నంబరు నా కాడనే ఉన్నది.”

“మరి నువ్వు చేసినవా?”

“చేస్తరు గదా బిడ్డా, ఎవలైనా.”

“కలుస్తలేదా?”

“బస్సింకా రాకపాయె. తొమ్మిదింటిదేనా ఇది?”

“అవ్వా, నంబరు కలుస్తలేదా?”

“నా సంగతి ఇడ్సిపెట్టు. ఆ మిషన్ సంగతి చెప్పు. అది ఎన్నడన్న సప్పుడు చెయ్యకుంట ఉన్నదా?”

“ఉన్నది. ఈ నడుమనే. రెండు వారాలు దాని మాట వినబడలే.”

“ఖరాబైందా?”

“కాలే. మంచిగనే ఉన్నది. ఇక్కడోళ్లే గలత్ మాట పంపిన్రు. ఆ మాటకు అది జరంత పక్కకు తిరిగింది. గంతే, చెవ్వు మన దిక్కు లేకుంటైంది. మనం చెప్పేది దానికి వినరాదు, అది చెప్పేది మనకు వినరాదు.”

“దాని తప్పు లేదా?”

“దాని తప్పేమున్నదవ్వా? చెప్పినట్టు విన్నది.”

“చెప్పినట్టు విన్నదా.”

“అవ్వు.”

“మరేం జేసిన్రు?”

“మల్ల ఇక్కడోళ్లే పిలిచిన్రు. బాగ జోరుగ, ఇటు తిరుగు అని. ఆ మాట ఆడికి చేరనీకె పద్దెనిమిది గంటలు పట్టింది. జవాబు రానీకె ఇంకో పద్దెనిమిది. అందరు పానం బిగవట్టుకొని కూసున్నరు.”

“తిరిగిందా?”

“తిరిగింది.”

“కోపం చెయ్యలేదా?”

“మిషన్‌కు కోపమేందవ్వా!”

“మనిషికి ఉంటది గదా.”

“ఉంటదేమో. అగో, బస్సొచ్చింది. లే అవ్వా. గొడుగు నేను పట్టుకుంట, నీ సంచి ఇటియ్యి.”

“నువ్వు పో బిడ్డా.”

“అదేంది? కాయిదం ఇయ్యవా?”

“ఇయ్య.”

“నర్సింహులు ఏమన్న అనడా?”

“అంటడు. అననియ్యి.”

“అయ్యో, ఏడుస్తున్నవేంది? కండక్టర్ పిలుస్తుండు, జెల్ది చెప్పు. ఏమైంది?”

“మా అత్త సచ్చిననాడు రమ్మన్న. రాలేను, సేటు పాస్‌పోర్ట్ ఇస్తలేడు అన్నడు. కన్నతల్లికి కొరివి పెట్టనీకె రాని మనిషి నాకెందుకని మస్తు తిట్టిన. ఆఖరుకు ఒక మాటన్న. అది ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే.”

“ఏమన్నవు?”

“నీకు అబద్ధం చెప్పిన బిడ్డా, ఆరేండ్లల్ల నేను ఒక్కసారి గూడ చెయ్యలే. ఇంకోసారి రింగిచ్చినవంటే నా పానం మీద ఒట్టే అని ఆయనకు చెప్పింది నేనే. నేను బతకాలనే ఊకున్నడేమో.”