అరచేతంత ఆకు

నాగభూషణం అని ఒకాయన ఉండేవాడు, కాలవ తల దగ్గర నలభై ఎకరాల మాగాణి ఆయనది, బంతిలో కూచుంటే ఆయనొక్కడికే వడ్డించడానికి ఇద్దరు మనుషులు కావాల్సొచ్చేదంట. పొట్ట అడ్డమొచ్చి ఆయనకి తన ఆకు తనకే కనపడేది కాదు, అయినా ఆకులో మెతుకు మిగిలేది కాదు. అదేదో ఊరికే తిండి అనుకోబాకండి, అది పెత్తనం. ఆయన లేచిందాకా బంతిలో ఎవడూ లేవగూడదు. ఆయన పెరుగన్నంలోకొచ్చేసరికి మిగతావాళ్లకి చేతులెండిపోయేవి. ఒకడు తింటుంటే పదిమంది చూస్తూ కూచోవడమే కదా మనకి తెలిసిన రాజ్యాంగం. నవ్వబాకు పిన్నీ, నిజం చెప్తున్నా.

అట్టాంటి మనిషి ఒక నెలపాటు ఊళ్లో కనపడలేదు. కూతురి దగ్గరికి గుంటూరు వెళ్లాడన్నారు. తిరిగొస్తే ఏమైందంటే, చొక్కా భుజాల మీంచి జారిపోతోంది, మెడ దగ్గర చర్మం వేలాడుతోంది. ఉపవాసాలుంటున్నాడని వాళ్లవాళ్లు చెప్పుకొచ్చారు. మా పల్లెలో ఎవరూ నమ్మలేదు. ఒకాయన షుగరన్నాడు. ఒకావిడేమో ఎలక్షన్ వస్తోంది కదా, పేదోడి ముఖం పెట్టుకుంటే ఓట్లు పడతాయని చిక్కుతున్నాడంది. ఆ మాట మాకు నచ్చింది, నచ్చింది కాబట్టి నమ్మాం. ఆ పెద్దిళ్లవాళ్లు ఏం చేసినా దాని వెనకాల ఇంకోటి ఉంటుందని మేం మూడు తరాలుగా నేర్చుకున్న పాఠం మరి.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. కాలవ నీళ్లు ఆయన తూము దాటితేనే మా పల్లె పొలాలకి వస్తాయి. మాయన్నీ ఎకరం, అరెకరం ముక్కలు. ఆ ఏడు వరి ఈనే టైముకి ఆయన తూము తలుపు ఎత్తేసి కూచున్నాడు, నీళ్లన్నీ ఆయన మళ్లలోకే. మా చేలు నెర్రెలిచ్చినయ్యి. మాలో దావీదు అని చదువుకున్నోడు, మాట గట్టివాడు. నీళ్లు మా హక్కు, ఎవడి భిక్షా కాదు అని ముప్పైమందిమి ఆయన తూము మీద మూడ్రోజులు కూచున్నాం. నాలుగో రోజు నాగభూషణం కబురంపాడు, మంగళవారం నుంచి వారానికి మూడు రోజులు తూము దించుతాను, ఆకేసుకుందాం అని. మా వైపు తగువు తీరితే కాయితం రాసుకోరు, ఆకేస్తారు. తగువు పడ్డవాళ్లిద్దరూ ఎదురెదురుగా కూచుని ఆకులో వేసింది మిగలకుండా తినాలి, ఆఖర్న ఆకు తనవైపుకి మడవాలి. మెతుకు మిగిల్చినవాడు మాట మిగిల్చుకున్నట్టే లెక్క, ఒప్పందం చెడినట్టే. దావీదు ఒక షరతు పెట్టాడు. ఆకు మా పల్లెలో వేస్తాం, వంట మా ఆడవాళ్లది. ఆ ఇంటి మనిషి మా పల్లెలో మంచినీళ్లు తాగి ఎరగడు. ఎందుకు తాగడో మీకు వేరే చెప్పాలా.

ఆదివారం పొద్దున ప్రార్థన అయ్యాక చర్చి ముందు పందిరి కింద బంతి వేశాం. అందరం తలా కాస్త వేసుకుని వేటని కోశాం, వంకాయ కూర, పప్పు, పాయసం. నాగభూషణం వచ్చాడు, వెనకాల ఆయన భార్య సుగుణమ్మ. ఆవిడ చేతిలో ఏముందనుకున్నారు? స్టీలు క్యారియర్. సొంత కూడు మోసుకొచ్చారు, చూశారా అని ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం.

ఆయన దావీదుకి ఎదురుగా కూచున్నాడు. ఆకులో అన్నం, కూర పడ్డయ్యి. ఆయన చిటికెడు అన్నం తీసి నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టాడు. నమిలాడు, నమిలాడు, నమిలాడు, మింగడే. నా పక్కనున్నవాడు ముప్పై దాకా లెక్కపెట్టాడు. వేట ముక్క జోలికి పోలేదు. మాలో ఒకావిడ గ్లాసుతో మంచినీళ్లు పెడితే చేత్తో పక్కకి జరిపాడు. అదిగో, అదీ సంగతి. కూడు మింగడు, నీళ్లు ముట్టడు, ఆకు మిగుల్చుతాడు, రేపు పొద్దున నేనెక్కడ మాటిచ్చానంటాడు. మెతుకు మిగిలిందంటే తూము ఆయనదే. మా వెనకాల కుర్రకారు అప్పటికే కులం కుళ్లు నశించాలని మొదలెట్టేశారు. నేనూ గొంతు కలిపాను, అబద్ధమెందుకు.

దావీదు చెయ్యి ఆకు మీదనే ఉంచి, ఎందుకు తినడం లేదు భూషణం గారూ అని మర్యాదగానే అడిగాడు. ఆయన నములుతూనే ఉన్నాడు. ఒంట్లో బాలేదని సుగుణమ్మ అంది. ఒంట్లో బాగాలేనివాళ్లు తూము మాత్రం బాగానే ఎత్తుతారే అన్నాడు దావీదు. అని మోకాలి మీద చెయ్యేసి లేవబోయాడు. దావీదు లేచాడంటే ఆకు చెడినట్టే, ఆ ఏటికి మా వరి పోయినట్టే. అది అక్కడున్న ప్రతి మనిషికీ తెలుసు, లేచే దావీదుకి ఇంకా బాగా తెలుసు.

బంతి చివర ఆదెమ్మని ఒక ముసలావిడ ఉంది, దావీదుకి నాయనమ్మ. నోట్లో ఒక్క పన్ను లేదు, సత్తు గిన్నెలో అన్నం మెత్తగా పిసుక్కుని పప్పు నీళ్లు పోసుకుని తింటోంది. అప్పటిదాకా ఆవిడ నాగభూషణం నోటినే చూస్తోందంట. కూచోరా దావీదూ అంది. సుగుణమ్మ వైపు తిరిగి ఆ క్యారియర్ ఇట్టా తీసుకురమ్మంది. మూత తీసి చూస్తే, ఏముందనుకున్నారు, నేతి గారెలా, కోడి పలావా? పెసరపప్పు, గుమ్మడికాయ ఉడకబెట్టి పసిపిల్లలకి మెదిపినట్టు మెదిపిన గుజ్జు. పైన ఒక చిన్న చెంచా. ఇది నా తిండే కదా అని ముసల్ది నవ్వింది. నీకు పళ్లున్నాయి కదా నాయనా, ఇదేంటి మరి అంది.

అప్పుడు నాగభూషణం తలెత్తకుండా చెప్పాడు. "కడుపు కోయించుకున్నాను. ముప్పాతిక భాగం తీసేశారు. ఐదు వారాలైంది. మెత్తటిది నాలుగు చెంచాలు పడితే ఎక్కువ. తింటూ నీళ్లు తాగితే అదీ నిలవదు."

జబ్బు చేసిందా అని ఎవరో అడిగారు. ఒళ్లు తగ్గడానికి అన్నాడు. పందిరి కింద ఎవరికీ కాసేపు అర్థం కాలేదు. తిండి తినకుండా ఉండటానికి మనిషి ఆసుపత్రికి పోతాడా? మా పల్లెలో సగం కడుపులు ఏ డాక్టరూ ముట్టకుండానే చిన్నవైపోయాయే, వాటికేం పేరు పెట్టాలి? ఇంతకీ ఈయన దాచిందెందుకంటే, బంతిలో ఆఖరుగా లేచే ఇంటి మనిషి కదా, నాలుగు చెంచాల మనిషిని ఊరు లెక్కచేస్తుందా అని భయమంట. ఆకు వాళ్లింట్లో వేసుంటే ఎట్టాగో సర్దుకునేవాడంట.

మరి ఈ ఆకు వదిలెయ్యండి, నోటిమాట మీద పోదాం అన్నాడాయన. దావీదు ఒప్పుకోలేదు. నోటిమాట మీద పోయి మా తాత రెండెకరాలు పోగొట్టుకున్నాడు, మీ నాన్న దగ్గరే అన్నాడు. మళ్లీ మోకాలి మీద చెయ్యేశాడు.

ఆదెమ్మ లేచొచ్చి మనవడి భుజం నొక్కి, అరిటాకు కొసన అరచేతంత ముక్క చించింది. నాగభూషణం ముందున్న ఆకు తీసేసి అది వేసింది. ఆకులో మిగల్చగూడదన్నారు గానీ ఆకు ఎంతుండాలో ఎవరన్నారు అంది. అని ఏం చేసిందనుకున్నారు, క్యారియర్ జోలికి పోలేదు. తన గిన్నెలోంచే, తన వేళ్లతో ఇంకోసారి మెత్తగా మెదిపి, నాలుగు చెంచాలంత ఆ ఆకులో పెట్టింది. సుగుణమ్మ క్యారియర్లోని చెంచా తీసి ఆయన చేతికిచ్చింది. ఇప్పుడు కడుపు సాకు లేదు, మెత్తగా లేదన్న సాకు లేదు. మిగిలిందల్లా ఆ చెయ్యి ఎవరిదీ అన్నది ఒక్కటే.

ఆయన ఆ ముద్ద వంక చాలాసేపు చూశాడు. ఆ గిన్నె వంక చూశాడు. తర్వాత చెంచా పక్కన పెట్టి వేళ్లతోనే తీసుకున్నాడు. నమిలాడు, మింగాడు, ఆగాడు. ఆ నాలుగు చెంచాలకీ ముప్పావుగంట పట్టింది. బంతి మొత్తం కూచునే ఉంది, ఒక్కడూ లేవలేదు. కూర గడ్డకట్టింది, పాయసం మీద ఈగలు వాలినయ్యి. పూర్వం ఆయన తిండి కోసం భయంతో కూచున్నాం, ఆరోజు అనుమానంతో కూచున్నాం, కాళ్లు మాత్రం అప్పుడూ ఇప్పుడూ తిమ్మిరెక్కినయ్యి. ఆఖరి మెతుకయ్యాక ఆయన ఆ చిన్న ఆకుని తనవైపుకి మడిచి, సరిపోయింది పెద్దమ్మా అన్నాడు. ఆ ఇంట్లో నుంచి మావాళ్లకి వరస పెట్టిన పిలుపు అదే మొదలు.

మంగళవారం నీళ్లొచ్చినయ్యి. వరి బతికింది. మనిషి మారాడంటారా? ఏమో, కడుపు చిన్నదైందని కంటితో చూశాం, నలభై ఎకరాలు మాత్రం నలభైగానే ఉన్నయ్యి. ఆకు మడిచాడు, కాదనను. తూము దగ్గర మాత్రం వారం వారం ఆ మూడు రోజులూ మా మనిషొకడు కూచునే ఉంటాడు, ఈ వారం వంతు నాది.